మోతయు, నలుగురును: 'డెత్ స్ట్రాండింగ్' క్రీడపై అర్ధమార్గ విమర్శ

1. విషయ ప్రవేశము

ఒక కావ్యమును సగము చదివి దానిపై తీర్పు చెప్పుట విమర్శకునకు తగదని పెద్దలందురు. ఆ మాట మాకు సమ్మతమే. నిర్వహణసంధి చూడక నాటకమును గూర్చియు, ఫలశ్రుతి వినక పురాణమును గూర్చియు మాటాడువానిని తొందరపాటువాడనుట న్యాయమే. ఐనను కొన్ని కృతులయందు సగము దారిలో కలిగిన అనుభవము తుదిముట్టిన పిదప మరల చిక్కదు. తుది తెలిసినవాడు దారిని మరచును. దారియే ప్రధానవస్తువైన కృతివిషయమున ఈ నష్టము చిన్నది కాదు. కావున మేము మూడవ అధ్యాయమును ముగించి, నాల్గవదాని వాకిట నిలిచి, ఇంతవరకు నడచిన దారినే గూర్చి ఈ వ్యాసమున విచారింపబూనితిమి.

మేము విమర్శకు స్వీకరించినది 'డెత్ స్ట్రాండింగ్' అను వీడియో గేమ్. జపానుదేశీయుడగు హిడియో కొజిమా దర్శకత్వమున, ఆయన నెలకొల్పిన కొజిమా ప్రొడక్షన్స్ సంస్థ దీనిని నిర్మించినది. ఇది 2019 నవంబరు 8వ తేదీన ప్లేస్టేషన్ 4 యంత్రమునకును, 2020 జూలైలో కంప్యూటరులకును వెలువడెను. 2021 సెప్టెంబరులో విస్తృతమైన ప్రతియు, 2025 జూన్‌లో రెండవ భాగమును వచ్చినవి. మేమాడుచున్నది మొదటి భాగము.

తెలుగుశాఖ పరిశోధన పత్రికలో వీడియో గేముల చర్చ యేలయని కొందరు విద్వాంసులు శంకింపవచ్చును. తోలుబొమ్మలాటను, వీథినాటకమును, అటుపిమ్మట చలనచిత్రమును గూర్చియు ఇట్టి శంకయే కలిగెను. అవి యన్నియు నేడు పరిశోధన గ్రంథములకు వస్తువులైనవి. అదియుగాక ఈ క్రీడారూపమున సాహిత్యవిద్యార్థి తప్పక యోచింపవలసిన విశేషమొకటి కలదు. కావ్యమున సహృదయుడు చూచువాడు; ఇందు ఆతడే చేయువాడు. నాయకుని శ్రమ ఆడువాని వ్రేళ్లలోనికి దిగును. ఇట్టిచోట రసము యెట్లు నిష్పన్నమగునన్నది లక్షణకర్తలకు ఎదురుకాని ప్రశ్న.

మేమీ వ్యాసమును వ్రాయుచున్నది ప్రకాశము జిల్లాలోని చీమకుర్తిలో. ఈ యూరిని లోకమెరుగుట నల్లరాతివలన. నల్లని నేలపై బంగారు చుక్కలు చల్లినట్లుండు 'బ్లాక్ గెలాక్సీ' రాయి ఇచటి క్వారీలనుండి దిమ్మెలై లారీలకెక్కి, ఓడరేవులు చేరి, దేశాంతరములకు పోవుచున్నది. మేము రాత్రివేళ ఈ క్రీడ నాడుచుండగా రోడ్డుమీద దిమ్మెల లారీలు పోవుచుండును. కిటికీ రెక్కలు అదరుచుండును. తెరపై ఒకని మోత, వెలుపల మరియొక మోత. ఈ రెంటిని ఒక్కసారి వినినవారి విమర్శ యిది. దూరమున నున్నవారికి తట్టని ప్రశ్న యొకటి మాకు తట్టుటకు ఈ యిరుగుపొరుగే కారణము కావచ్చును.

2. ఇతివృత్తము, క్రీడావిధానము

కథాకాలమునకు పూర్వము లోకమున ఒక ఘోరవిపత్తు సంభవించినది. జీవించియున్నవారి లోకమునకును, మృతుల లోకమునకును నడుమనున్న హద్దు చిరిగినది. చనిపోయినవారు పోవలసిన చోటికి పోలేక ఈవలి యొడ్డున చిక్కుకొని, కంటికి కనబడక తిరుగుచున్నారు. వారు జీవించియున్న మనుష్యుని మ్రింగినచో బ్రహ్మాండమైన విస్ఫోటనము జరిగి పట్టణములకు పట్టణములే గోతులగును. వాన కురిసినచో దాని చుక్క తగిలిన ప్రతి వస్తువునకును వార్ధక్యము వచ్చును. ఇనుము తుప్పుపట్టును, దేహము ముడుతలు పడును. మిగిలిన ప్రజలు అమెరికాదేశమున అక్కడొక పట్టణముగా, ఇక్కడొక నేలమాళిగగా విడివిడిగా బ్రతుకుచున్నారు. ఒకరి ముఖమొకరు చూచుట లేదు.

నాయకుని పేరు సామ్ పోర్టర్ బ్రిడ్జెస్. నార్మన్ రీడస్ అను నటుడు ఈ పాత్రకు రూపమును, గాత్రమును ఇచ్చినాడు. పోర్టరనగా మన హమాలీ. బ్రిడ్జనగా వంతెన. ఇట్లు నాయకుని పేరులోనే వృత్తియు, ధ్యేయమును ఇమిడియున్నవి. మందులు, పనిముట్లు, విత్తనములు, ఉత్తరములు వీపున కట్టుకొని తూర్పుతీరమునుండి పడమటికి నడచి, ఒక్కొక్క ఆవాసమునకు సరకు చేర్చుచు, వానినన్నిటిని 'కైరల్ నెట్‌వర్కు' అను వార్తాబంధమున కలుపుట ఆతని పని. క్రీడానామమందలి 'స్ట్రాండ్' శబ్దమునకు త్రాటి పేట యనియు, తీరమనియు, తీరమున చిక్కువడుట యనియు అర్థములు గలవు. త్రాటిని గూర్చిన యీ భావనకు మూలముగా కర్త జపాను రచయిత కోబో ఆబే కథ నొకదానిని క్రీడారంభమున స్మరించినాడు. మన భాషలో 'బంధము' అను నొక్క మాటకే చుట్టరికమనియు, సంకెల యనియు అర్థములుండుట పాఠకులు గుర్తుంచుకొందురు గాక. ఈ శ్లేష ముందుముందు మనకు పనికివచ్చును.

ఈ జాతి క్రీడలయందు సాధారణముగ ప్రధానకార్యము ఆయుధప్రయోగము. ఇందు ప్రధానకార్యము నడక. ప్రతి మూటకును బరువు నిర్ణీతము. మూటలపై మూటలు పేర్చిన కొలది వీపుమీది దొంతర యెత్తగును. ఎత్తైన కొలది అడుగు తడబడును. కుడివైపునకు ఒరిగినచో ఒక మీటను, ఎడమవైపునకు ఒరిగినచో మరియొక మీటను నొక్కి వీపుపట్టీలను బిగించి నిలద్రొక్కుకొనవలెను. ఏటవాలు, గులకరాయి, యేటి లోతు, ప్రతిదియు లెక్కకు వచ్చును. చెప్పులు అరుగును. పడినచో సరకు చెడును. మొదటి గంటలలో మేము పడినన్ని మారులు ఆ నాయకుడు మరియెవరిచేతను పడియుండడు. ఒకమారు నడుము లోతు నీట జారగా మూటలన్నియు ప్రవాహమున పోవుచుండ, వానివెంట ఒడ్డున పరుగెత్తితిమి. అటుపిమ్మట కొండను చూచిన కొండగా కనబడలేదు. ఎక్కడ కాలు పెట్టవచ్చునన్న లెక్కగా కనబడెను. తలపై చుట్టకుదురుంచి బిందెపై బిందె నెత్తుకొని నడచు స్త్రీకి గట్టు ఎట్లు కనబడునో మాకిప్పుడు కొంత తెలిసినది.

క్రీడ వెలువడినపుడు కొందరు సమీక్షకులు ఇది వట్టి నడకయని, సరకుల బట్వాడాయని తీసివేసిరి. వారు దోషముగా నెంచినదే దీని రూపమునకు ప్రాణమని మా అభిప్రాయము. ఆ మాట నిరూపించుటకు మన కావ్యమార్గమును కొంత తలచుకొనవలసియున్నది.

3. దూతకావ్యము, భారకావ్యము

ఒకచోటినుండి మరియొకచోటికి ఒకదానిని చేర్చుట మన సాహిత్యమున క్రొత్త వస్తువు కాదు. కాళిదాసు యక్షుడు రామగిరినుండి అలకాపురికి మేఘముచేత వార్త పంపెను. నలదమయంతుల నడుమ హంస నడచినది. ఈ మైదానములకే చెందిన వినుకొండలో జన్మించిన జాషువ మహాకవి 1941లో 'గబ్బిలము'ను వెలయించి, గుడిలోనికి అడుగుపెట్టనీయని అస్పృశ్యునిచేత కాశీనాథునకు మొర పంపించెను. ఈ కావ్యములన్నిటను దారివర్ణన ప్రధానాంగమే. కాని ఆ దారి యెట్టిది? మేఘము ఎగురును, హంస ఎగురును, గబ్బిలము ఎగురును. దారి యంతయు పైనుండి చూచినదే. నదులు రేఖలుగను, నగరములు బొమ్మలుగను కనబడును. దూతకు అలసట లేదు; వార్తకు బరువు లేదు.

బరువు గలదానిని మోసిన సందర్భములును మనకు లేకపోలేదు. ఆంజనేయుడు ఓషధిని గుర్తింపలేక పర్వతమునే పెకలించి తెచ్చెను. అది మోతలన్నిటిలో గొప్ప మోత. ఐనను అచట కవి చెప్పదలచినది బలమును గాని బరువును గాదు. పర్వతము ఆతని చేతిలో తేలికయగుటయే అద్భుతరసమునకు ఆలంబనము. లోకప్రసిద్ధమైన శ్రవణకుమారుని కావడికథలోను తల్లిదండ్రులయెడ భక్తి మనకు తెలియును, భుజముపై కావడిబద్ద ఒరయుట తెలియదు. పల్లకి బోయీలు, హమాలీలు, కావడివాండ్రు పదములలోను పాటలలోను కలరు. కావ్యముల నడిమింట లేరు. చరిత్రయందు వీరి స్థానమేమని శ్రీశ్రీ 'దేశచరిత్రలు' గేయమున లేవదీసిన ప్రశ్న ఈ లోటునుండి పుట్టినదే.

'డెత్ స్ట్రాండింగ్' ఈ లోటును రూపముచేతనే పూరించినది. ఇందు దారి క్రిందినుండి కనబడును. దూరము కన్నుచేత గాక కాలిచేత కొలవబడును. కొండ దిగువనుండి చూచి ఇంకెంతయో కలదని నిట్టూర్చిన పిదప, శిఖరమునకెక్కి దిగువన పట్టణమును చూచినపుడు సంగీతము మెల్లగా మొదలగును. వర్ణనచేత కలుగని ఆనందము అది, మోసినవానికే దక్కునది. దీనిని దూతకావ్యమునకు ప్రతిగా భారకావ్యమనవచ్చునని మేము ప్రతిపాదించుచున్నాము.

మేఘవిషయమున ఈ వ్యత్యాసము మరింత స్పష్టము. కాళిదాసునకు మేఘము వార్తాహరుడు. ఈ క్రీడలో మేఘము వార్తాహరునికి శత్రువు. అది తెచ్చునది వార్త కాదు, ముదిమి. వానను దైవముగా నెంచు మెట్టసీమవారికి ఈ కల్పన మొదట మింగుడుపడదు. కాని మా ప్రాంతపు మిరపరైతు నడిగి చూడుడు. పైరు నిలుచువరకు మబ్బుకొరకు చూచునతడే, కాయ కోసి కళ్లమున ఆరబోసిన పిదప మబ్బు పట్టినచో గుండెలు చేతబట్టుకొని పరుగెత్తును. తడిసిన కాయకు రంగు పోవును, ధర పడును. ఒక్క జాములో సరకునకు ముసలితనము వచ్చును. వీపున మూటలతో వానకు పరుగెత్తు సామ్‌ను చూచి మాకు తోచినది ఆ కళ్లమే.

4. ఒంటరి శవవాహకుడు

క్రీడయొక్క మర్మము మొదటి అధ్యాయమునందే కలదు. ఆ లోకమున శవమును గడువులోపల దహింపనిచో అది ప్రేతముగా మారి మహానాశనమునకు కారణమగును. నాందిప్రాయమైన ప్రథమఘట్టమున సామ్ మరి యిరువురితో కలిసి ఒక శవమును బండిలో తీసికొనిపోవును. బండి బోల్తాపడును, తోడివారిరువురు మరణింతురు, దాపులనున్న పట్టణము నశించును. పిదప కొలదిసేపటికే దేశాధ్యక్షురాలు బ్రిడ్జెట్ కన్నుమూయును. ఆమె సామ్‌కు పెంపుడు తల్లి. ఆమె దేహమును దహనశాలకు చేర్చు పని ఆతనిపై పడును. ఈమారు బండి లేదు, తోడు లేదు. చుట్టిన తల్లి శవమును వీపునకు కట్టుకొని, ప్రేతములజాడ తెలుపు పసికందును గాజుతొట్టిలో రొమ్మునకు తగిలించుకొని, కొండదారిని ఆతడొక్కడే నడచును. వెనుక మృత్యువు, ముందు శిశువు, నడుమ మోయువాడు. దహనశాల చేరిన పిదప ఆ పసికందును కూడ దహింపుమని ఆజ్ఞ యున్నను ఆతడు పాటింపడు.

ఇతరదేశములవారు ఈ ఘట్టమును మాతృవియోగముగను, రాజకీయాధికారము కాలిపోవుటగను వ్యాఖ్యానింతురు గాక. తెలుగువానికి ముందుగా తోచునది వేరు. శవమును ఒక్కడు మోయుచున్నాడు. మనయందు బ్రతుకున కెల్ల కొలత 'నలుగురు'. నలుగురిలో మంచియనిపించుకొనవలెను, నలుగురితోపాటు నడువవలెను, తుదకు పాడె పట్టుటకు నలుగురుండవలెను. ఆ కడపటి నలుగురే ముందటి నలుగురకును అర్థము కల్పించుచున్నారు. 2004లో వచ్చిన 'ఆ నలుగురు' చలనచిత్రమునకు పేరును, ప్రశ్నయు ఈ నానుడినుండియే లభించినవి.

మన వాఙ్మయమున ఒంటరిగా శవమును మోసినవారు అరుదు. మోసినచోటులన్నియు లోకక్రమము తప్పిన చోటులే. విక్రమార్కుడు భేతాళుడు పట్టిన శవమును భుజమున వేసికొని మౌనముగా నడచును; అది శ్మశానము, అర్ధరాత్రము, మాంత్రికుని పన్నాగము. హరిశ్చంద్ర నాటకమున పాముకాటుచే మరణించిన లోహితుని చంద్రమతి ఒంటరిగా కాటికి తెచ్చును. ఈ పల్లెలయందు రాత్రులు తెల్లవార్లు ఆ నాటకమాడుచుండగా జనులు కంటతడి పెట్టుట కొడుకు మరణించినందుకు మాత్రమే కాదు. రాణియైనయామెకు ఆ గడియలో నలుగురు లేకపోయిరి. కాటిసుంకమునకు చేత కాసు లేకపోవుటకంటె తోడు మనిషి లేకపోవుట పెద్ద దారిద్ర్యము.

దీనినిబట్టి క్రీడాకర్త చిత్రించిన లోకాంతమునకు మా నిర్వచనమిది: నగరములు కూలుట లోకాంతము కాదు, పాడెకు నలుగురు లేకపోవుటయే లోకాంతము. ఇది ఊహామాత్రమని త్రోసివేయుటకు వీలులేదు. 1977 నవంబరు 19నాటి దివిసీమ ఉప్పెనలో వేలమంది కొట్టుకొనిపోగా, మోయవలసినవారే మోయబడవలసినవారైరి. ఎక్కడివారో వచ్చి ముక్కుమొగమెరుగని దేహములకు సంస్కారములు చేసిరి. ఈ క్రీడ వెలువడిన కొలది నెలలకే, 2020 మార్చి 25నుండి, దేశమంతయు తలుపులు మూసికొని కూర్చున్నది. సరకు తెచ్చినవాడు గడపవద్ద నుంచి పోవుచుండెను. ఆ యేడును, మరుసటి యేడును ఎన్నో యిండ్లలో కన్నబిడ్డలుండియు పాడె పట్టలేకపోయిరి; స్వచ్ఛందసేవకులు పట్టిరి. 2019లో కల్పనగా చూచినవారును 2020లో దీనిని కల్పనగా చూడలేకపోయిరి.

5. కానరాని ముగ్గురు

ఇచటనే క్రీడారూపమందలి గొప్ప కల్పన నిలిచియున్నది. ఆడువాడు ఒక సీమను మొదటిసారి దాటునపుడు నిజముగ ఒంటరివాడు. వంతెన లేదు, నిచ్చెన లేదు. ఆవలి ఆవాసమును చేరి, దానిని వార్తాబంధమున కలిపిన మరుక్షణమున ఆ సీమలో ఇతరుల జాడలు పొడసూపును. లోకమున ఎక్కడెక్కడనో ఇదే క్రీడ నాడుచున్నవారు తమ దారిలో వేసిన నిచ్చెనలు, కట్టిన త్రాళ్లు, నిలిపిన వంతెనలు కొన్ని మన దారిలోను కనబడును. పలువురు త్రొక్కినచోట నేల అణగి కాలిబాటలేర్పడును. మనుష్యుడు మాత్రము కనబడడు.

మా అనుభవమొకటి చెప్పెదము. వీపున మోయగలిగినంత మోసికొని వచ్చిన ఒక సాయంకాలము మాకొక లోయ అడ్డుపడినది. మాయొద్ద నిచ్చెన లేదు. చుట్టు తిరిగిపోవలెనన్న గట్టు దిగి మరల ఎక్కవలెను, పైన మబ్బు కమ్ముచున్నది. అంచువెంట నాలుగడుగులు వేయగా, ఆవలి గట్టునకు వాల్చిన నిచ్చెన యొకటి కనబడెను. వేసినవాని పేరు పరభాషలో కలదు, మేము చదువలేకపోతిమి. దానిపై నడచి దాటితిమి. మరునాడు అట్టిదే యొక యేటివద్ద, మాకు నిజమున అక్కరలేకున్నను, ఒక నిచ్చెన వేసి వచ్చితిమి. ఎవరికొరకన్న ప్రశ్న అపుడు తోచలేదు. తరువాత విచారించి చూడగా, క్రీడ మమ్ము చేయించిన పనులలో మేము నిజముగ చేసినది అదియొక్కటే యనిపించినది.

మూడవ అధ్యాయమందలి రాజమార్గనిర్మాణము ఈ భావమునకు విస్తరణము. దారి వేయు యంత్రములు అక్కడక్కడ నిలిచియుండును. లోహమును, పింగాణిమట్టిని, కైరల్ స్ఫటికములను తెచ్చి వానికందించినచో కొంత మేర దారి పడును. కావలసిన రాశి ఒక్కనికి తలకు మించినది. మేము కొంత పోసి, అలసి, మరునాడు వచ్చి చూడగా కొరత పూడియుండెను. ఎవరో తెచ్చి పోసిపోయిరి. పూర్వము ఊరుమ్మడి చెరువుకట్టకు ఇంటికొకరు తట్ట మోసినట్టి పని యిది. నాల్గవవాడు మనమైతే ముగ్గురు కానరానివారు. మొదటి అధ్యాయమున పోయిన నలుగురిని ఈ విధముగ క్రీడ మరల కూర్చుచున్నది. ఇది కథలో చెప్పిన నీతి కాదు. ఆటయొక్క అమరికలోనే నిలిపిన భావము. వాచ్యము కాక వ్యంగ్యమైనది గావుననే హృదయమునకు తగులుచున్నది. ఆయా పాత్రలు దీర్ఘోపన్యాసములతో 'ఐక్యత'ను బోధించుచోటులు దీనియెదుట తేలిపోవుచున్నవి. కర్త తన నిచ్చెనను నమ్మినంతగా తన మాటలను అదుపుచేసికొనియుండిన బాగుండెడిది.

6. కూలి మాట

ఇంతవరకు మెచ్చితిమి. ఇక మాకు కలిగిన శంకను చెప్పవలసియున్నది.

ఈ క్రీడలో డబ్బు లేదు. సరకు చేర్చినవానికి దక్కునది 'లైకులు'. అందుకొన్నవాడు మెచ్చి లైకులిచ్చును. నిచ్చెనపై నడచినవాడు లైకులిచ్చును. అవి పోగైన కొలది మోయువాని స్థాయి పెరుగును. స్థాయి పెరిగిన కొలది ఇంకను బరువు మోయగలడు. మోసినందుకు బహుమానము మరింత మోయగలుగుట! నిచ్చెన వేసిన అపరిచితునకు మేమిచ్చిన లైకు కృతజ్ఞత. దానియందు దోషము లేదు. సమానుల నడుమ మెచ్చుకోలు చాలును. కాని తలుపు వేసికొని లోపల కూర్చున్నవానికిని, వానలో తడిసి వచ్చినవానికిని నడుమ మెచ్చుకోలు చాలునా?

గుంటూరు మిర్చియార్డున టిక్కీ లెత్తు హమాలీని, చీమకుర్తి క్వారీలో దిమ్మెకు గొలుసు కట్టు కూలీని అడిగినచో దీనికి వెంటనే సమాధానము వచ్చును. కూలి లేని మోతకు మన భాషలో పేరు కలదు, అది వెట్టి. ఊరికి వచ్చిన అధికారి సామాను మోసినవానికి శభాషనుట కూలిగా చెల్లిన కాలము ఈ దేశమున కలదు. వెట్టిచాకిరిని నిషేధించుచు 1976లో శాసనము చేయవలసివచ్చినది. నేడు పట్టణములలో బట్వాడా కుర్రవాండ్రకు అందుకొన్నవారు ఫోనులో చుక్కలు గుర్తించుచున్నారు. ఆ చుక్కలు తరిగినచో పని తరుగుట కలదు గాని, అవి పెరిగినంత మాత్రమున కడుపు నిండుట లేదు. మోతను సౌందర్యముగా మార్చుటకై కూలిని తెరవెనుకకు నెట్టిన కృతి, ఎంత గొప్పదైనను, ఈ లెక్క చెప్పవలసియే యున్నది.

సరకు నందుకొనువారి తీరు ఈ శంకను బలపరచుచున్నది. వారిలో చాలమంది తలుపు తీయరు. సరకు వెలుపల నుంచవలెను. కాంతితో నేర్పడిన వారి ప్రతిబింబము ప్రత్యక్షమై మెచ్చుకొనును, మాయమగును. గడపకీవల నిలిపి, తాకక, వస్తువును మాత్రము స్వీకరించు ఈ మర్యాదను తెలుగువాడు తేలికగా చూడలేడు. జాషువ తన దూతగా గబ్బిలమునే యెన్నుకొనుటలోని వేదన గడపకు సంబంధించినదే. క్రీడలో ఒక విచిత్రవిపర్యయము కలదు. సామ్‌కు స్పర్శభీతి యను వ్యాధి యున్నది. ఇతరులు తన్ను తాకుటను ఆతడే సహింపడు. మనదేశమున అందుకొనువారు విధించిన అంటు ఇచట మోయువాని రోగమైనది. ఇది కర్త ఎరిగి చేసినదో, ఎరుగక చేసినదో ముందటి అధ్యాయములు తేల్చవలెను. ఎరిగి చేసినచో గొప్ప వ్యంగ్యము. కానిచో అన్యాయమును మోయువాని స్వభావముగా చూపిన దోషము.

కర్తపక్షమున చెప్పదగిన మాటలు రెండు గలవు. మొదటిది: దారిలో సరకును దోచుకొను 'మ్యూలు'లనబడువారు. ఆ పేరునకు కంచరగాడిదయని అర్థము. వీరు పూర్వము సామ్‌వలె మోసినవారే. మోతకును, మెచ్చుకోలుకును వ్యసనపడి, అక్కరలేని సరకునుకూడ దోచి కూడబెట్టుచున్నారు. లైకు విషమగునని క్రీడ యెరుగును. ఆ విషము తలకెక్కినవారిని శత్రువులుగా నిలిపినది. మా విషయమున ఒక సంగతి ఒప్పుకొనక తప్పదు. కథ సాగించుటకు అవసరము లేకున్నను, దారిలో పడియున్న పరుల మూటలను అర్ధరాత్రము వరకు చేరవేయుచు, లైకుల లెక్క చూచుకొని తృప్తిపడిన రాత్రులు మాకును గలవు. రెండవది: వార్తాబంధమున చేరినవారు చేతికి తగిలించుకొను సాధనము సంకెల యాకారమున నున్నది. కలుపునదియు, కట్టివేయునదియు ఒక్కటే. మేము ముందు చెప్పిన బంధశబ్దశ్లేష ఇదియే. కావున కర్త ఈ ప్రశ్నను ఎరుగనివాడు కాడు. ఎరిగి, ఇంతవరకు పక్కకు పెట్టినాడు.

7. ఉపసంహారము

మన శవయాత్రలయందు దారి నడుమ దింపుడు కళ్లమని యొకచోటు కలదు. మోయువారు అచట పాడెను దింపి, మృతుని చెవిలో పేరు పెట్టి పిలుతురు. ఒకవేళ పలుకునేమోయని కడపటి ఆశ. పలుకడని అందరెరుగుదురు, ఐనను పిలువక మోసికొనిపోరు. ఆ ఆచారమున మరియొక మేలును గలదు. మోయువారు అచట ఒక్కసారి బరువు దింపి, ఒకరి ముఖమొకరు చూచుకొందురు. మోసినది ఎంతయో, మోయవలసినది ఎంతయో తెలిసికొందురు.

అర్ధమార్గమున చేసిన ఈ విమర్శ మాకట్టి దింపుడు కళ్లము. ఇంతవరకు తేలినది యిది. కావ్యములు ఎగురవేసిన దూతను ఈ క్రీడ నేలకు దింపి, ఆతని వీపున బరువు పెట్టి, బరువునే రసమునకు మూలముగా చేసినది. ఒక్కడు మోయు పాడెతో లోకాంతమును నిర్వచించి, కానరాని ముగ్గురిని నిచ్చెనలచేతను, కాలిబాటలచేతను మరల కూర్చినది. ఈ రెండును దాని సిద్ధులు. మోసినవానికి రావలసినదేమి, ఇయ్యవలసినవారెవరు అను ప్రశ్నకు మాత్రము మెచ్చుకోలునే సమాధానముగా చూపుచున్నది. ఆ సమాధానము తుదివరకు నిలిచినచో ఇది వెట్టిని కొనియాడిన కావ్యమగును. తుదకు ఆ సమాధానమును తానే త్రోసివేసినచో, భారవాహకునకు నడిమింట పీట వేసిన తొలి కృతులలో నొకటియగును. తక్కిన అధ్యాయములను మేము ఈ యొక్క ప్రశ్నతో ఆడెదము. పరిశోధక విద్యార్థులును దూతకావ్యములను మరల చదువునపుడు ఈ ప్రశ్న వేసి చూతురు గాక: వార్త చేరినది, సరే, మోసినదెవరు, ఎంత బరువు, ఏ కూలికి?

వ్రాయుట ముగియుసరికి తెల్లవారవచ్చినది. రోడ్డుపై మరియొక లారీ పోయినది. ఆ దిమ్మె ఏ దేశమున ఎవరి వంటగదిలో నునుపు దేరి నిలుచునో గాని, నునుపు దేరిన రాతిపై మోసినవాని వ్రేలిముద్ర కనబడదు. కనబడని ఆ వ్రేలిముద్రను వెదకుటయే ఈ విమర్శకు మేమెరిగిన ప్రయోజనము.